బరువు ఎటు పోతుంది?

ఆ స్టూలు మీద కూర్చోకండి, కాసేపట్లో దాని మీదికి బండి ఎక్కాలి. గోడవారగా సిమెంటు బస్తా ఉంది చూశారా, దాని మీద కూర్చోండి. ఎప్పుడో గడ్డకట్టిపోయింది, బట్టలకేమీ అంటదు.

విజయవాడ పటమటలో ఓ ఇంటి పెరట్లో రేకుల షెడ్డు ఇది. పొద్దున్న ఎనిమిదింటికే పైన రేకులు ఎండకు టపటపమంటున్నాయి. ఒకప్పుడు ఇక్కడ గేదెను కట్టేవారు. గాడి ఉన్న చోట ఇప్పుడు ఇనప బల్ల, దాని మూలన బెంచి వైసు. నడుమన, ఇంజను కింద చెక్కదిమ్మలు పెట్టి నిలబెట్టిన యమహా ఆరెక్స్ 100. ట్యాంకు విప్పి వీధి అరుగు మీదికి చేర్చేశారు. వెల్డింగు జరిగే చోట పెట్రోలు వాసన కూడా ఉండకూడదు. సీటు లేదు, పక్క మూతలు లేవు. బ్యాటరీ బయటపెట్టారు, సీడీఐ యూనిట్‌ను పాత లుంగీ ముక్కలో చుట్టి అటక మీద పెట్టారు.

1985లో మన దేశంలోకి వచ్చి 1996 దాకా తయారైన బండి. టూ స్ట్రోకు, 98 సీసీ, 11 హార్స్‌పవర్, వంద కిలోలకు అటూ ఇటూ తూకం. ఆ చప్పుడు వింటే మేడ మీంచి తొంగిచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బండి మా తమ్ముడిది. దగ్గరుండి పని చేయించేది బాబాయ్. చుట్టరికమేం లేదు, వీధి వరస. ఆటోనగర్‌లో లేత్ ముందు నిలబడే జుట్టు నెరిపించుకున్న మనిషి, ఇప్పుడు షాపు కొడుక్కి అప్పజెప్పి ఇలా పిలిచిన చోటికి వస్తాడు. డబ్బులిస్తే తిడతాడు. టీ మాత్రం గంటకోసారి పడాలి.

చేయబోయే పని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. వెనక రెండు పక్కలా ఉన్న షాకబ్జర్లు తీసేసి, నడిమధ్యన ఒకటే పెట్టడం. కుర్రాళ్ల మాటలో మోనో షాక్. బాబాయ్ ఇంకా పానా ముట్టుకోలేదు. బీడీ వెలిగించబోయి, వీధిలో ఉన్న ట్యాంకు గుర్తొచ్చి చెవిలో దోపుకున్నాడు.

"ఒరే అబ్బాయ్, ముందు ఇది చెప్పు. గుంటలో పడ్డప్పుడు చక్రం మీదికొచ్చిన బరువు ఎటు పోతుంది?"

"షాకబ్జరులోకి బాబాయ్."

"అక్కణ్ణుంచి?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. మీరూ నేనూ కూడా నేల చూపులు చూద్దాం, ఆయనే చెబుతాడు.

ముందు ఆ షాకబ్జర్లు దిగాలి. పై నట్లు సులువుగానే వచ్చాయి. కుడిపక్క కింద బోల్టు మొండికేసింది. తమ్ముడు కాస్త డీజిలు పోసి, రింగు పానాకు గజం పొడవు పైపు తొడిగి బరువంతా వేశాడు. కీచుమని ఒక చప్పుడు, ఎర్రటి తుప్పుపొడి, తర్వాత వదిలింది. రెండోది కూడా లాగెయ్యగానే వెనక చక్రం ధబ్బున స్టూలు మీద కూర్చుంది. ఇటు రండి. చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని పైకెత్తండి. అడ్డే లేదు కదా, ఉయ్యాలలా ఊగుతోంది. ఇప్పుడు ఎత్తడం ఆపి ఎడమకీ కుడికీ తోయండి. టక్, టక్. వినబడిందా? ఆ చప్పుడు చక్రంలోంచి కాదు, స్వింగ్ ఆర్మ్ ఫ్రేముకు కలిసే ఇరుసులోంచి. లోపల బుష్ అరిగిపోయింది. రోడ్డు మీద ఇన్నేళ్లు తిరిగినా ఎవరికీ తెలియలేదు. తెలియకపోవడానికి కారణం ఉంది. బాబాయ్ అడిగిన ప్రశ్నకు జవాబు మొదలయ్యేది అక్కడే.

నేల మీద సుద్దముక్కతో గీస్తున్నాడు చూడండి. అడ్డంగా ఒక గీత, అది స్వింగ్ ఆర్మ్. ఎడమ కొసన చుక్క, అది ఫ్రేముకు కలిసే ఇరుసు. కుడి కొసన సున్నా, అది చక్రం. పాత పద్ధతిలో షాకబ్జర్లు దాదాపు చక్రం నెత్తినే నిలబడతాయి. కింద నుంచి 100 కిలోల బరువు తోస్తే, ఆ 100 కిలోలూ నిటారుగా పైకెళ్లి సీటు కింది పట్టీల్లో పడతాయి. ముందున్న ఇరుసుకు పెద్దగా పనే లేదు. చక్రాన్ని వరసలో పట్టుకుంటే చాలు.

ఇప్పుడు షాకబ్జరును ముందుకు జరిపాడు. చక్రానికి తగలకుండా ఉండాలంటే టైరుకు ముందు, ఇరుసుకు దగ్గరగా పెట్టక తప్పదు. ఆర్మ్ పొడవులో మూడో వంతు దూరాన గీత గీశాడు. పొలాల్లో ఏతం ఎలా తూగేదో తెలిసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. చక్రం దగ్గర 100 కిలోలకు షాకబ్జరు దగ్గర 300 కిలోలు. ఆ 300 కిలోలూ ఫ్రేముని పైకి తంతాయి. పైకి 300, కింది నుంచి వచ్చింది 100 మాత్రమే. మిగతా 200 కిలోల లెక్క ఇరుసు దగ్గర తేలుతుంది. అక్కడ ఆర్మ్ ఫ్రేముని కిందికి లాగుతుంది. ఇన్నేళ్లూ పనిలేకుండా కూర్చున్న బోల్టుకు ఒక్కసారిగా 200 కిలోల చాకిరీ. ఇదంతా బండి కదలకుండా నిలబడి ఉన్నప్పటి మాట. గతుకులో దూకితే వీటిని మూడింతలు చేసుకోండి.

"అందుకని," అంటాడు బాబాయ్ సుద్ద పారేసి, "షాకబ్జరు కొనడానికి ముందు గన్‌మెటల్ బుష్ తిప్పించాలి. రెండోది, ఈ ఆర్మ్ పనికిరాదు. సన్న గొట్టం ఇది, మధ్యలో 300 కిలోలు పెడితే వంగుద్ది. మూడోది, పైన ఎక్కడ తగిలిస్తావో అక్కడ ఫ్రేముకి సత్తువ ఉందా లేదా చూడాలి. షాకబ్జరు సంగతి ఆఖర్న."

నాకు తెలిసి ఈ పని చేయించేవాళ్లలో చాలామంది సరిగ్గా తలకిందులుగా వెళతారు. ముందు మెరిసే షాకబ్జరు కొంటారు, దానికోసం ఫ్రేముని కోస్తారు. అసలు ఇంకో నిజం కూడా చెప్పుకోవాలి. రోడ్డు మీద ఆఫీసుకెళ్లొచ్చే ఆరెక్స్‌కి ఈ మార్పు దండగ. మంచి గ్యాస్ షాకబ్జర్ల జత కొని పాత బోల్టులకే బిగించుకుంటే, కావలసిన సుఖంలో ముప్పాతిక వంతు మధ్యాహ్నం లోపే చేతికొస్తుంది. పైగా చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన అసలు రూపం మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. అయితే ఈ బండి ఇక రోడ్డెక్కదు. కంకిపాడు వైపు బీడు పొలంలో కుర్రాళ్లు వేసుకున్న మట్టి ట్రాక్ ఉంది, ట్రాలీ ఆటోలో అక్కడికి వెళ్లి, ట్రాలీ ఆటోలోనే తిరిగొస్తుంది. మట్టిలో చక్రం ఎక్కువ దూరం పైకీ కిందికీ ఆడాలి. పాత షాకబ్జర్లతో అది కుదరక ఈ తంటా.

పదండి, ఆటోనగర్ దాకా వెళ్లొద్దాం. ఎంతో దూరం లేదు, ఎండే దూరం.

తుక్కు కొట్లో స్వింగ్ ఆర్మ్‌లు గోడకు చేరేసి ఉన్నాయి, తోరణాలు విరిగిపడ్డట్టు కుప్పగా. బాబాయ్ వాటిని కళ్లతో కాదు, వేలి గోటితో చూస్తాడు. వెల్డింగు అంచుల వెంబడి గోరు నడిపిస్తాడు. గోరు ఆగిన చోట పగులు ఉన్నట్టు. నాలుగు పక్కన పడేశాక, ఓ 150 సీసీ బండిది పెట్టె గొట్టంతో చేసిన ఆర్మ్ దొరికింది. టేపు ఆ చివర మీరు పట్టుకోండి. ఇరుసు మధ్య నుంచి చక్రం యాక్సిల్ దాకా 540 మిల్లీమీటర్లు. షాకబ్జరు చెవి దగ్గరికి, షాకబ్జరు వాలే గీతకు లంబంగా కొలిస్తే 180. "మూడుకి ఒకటి. నేల మీద గీసిందే," అన్నాడు తమ్ముడు, మురిసిపోతూ. పాత ఆర్మ్ కంటే 60 మిల్లీమీటర్లు పొడవెక్కువ. చక్రానికీ చక్రానికీ నడుమ 1240 ఉన్న బండి 1300 అవుతుంది. మట్టిలో తిన్నగా పోవడానికి అది మంచిదే. మలుపులో కొంచెం బద్ధకిస్తుంది.

షాకబ్జరు పక్క కొట్లో. ఇక్కడ తొందరపడకూడదు. మెరిసే కడ్డీని ఎండకు పట్టుకుని తిప్పండి. సూదిమొన అంత గుంట ఉన్నా వద్దు, ఆ గుంటే సీలును కొరికేస్తుంది. సీలు చుట్టూ వేలు పెట్టి తుడవండి, జిడ్డు తగిలితే వద్దు. ఇది పొడిగానే ఉంది. కొట్టువాడు కింది చెవి రంధ్రం పెద్దది చేసిస్తానంటూ డ్రిల్లింగ్ మిషన్ కేసి చూశాడు. బాబాయ్ ముఖం మారిపోయింది. "చెవికి బుష్ మారుద్దాం గానీ మిషన్ దగ్గరికి తీసుకుపోమాక." లోపల నైట్రోజన్ నింపి ఉంటుంది, ఇలాంటి వాటిలో 10 నుంచి 20 బార్ల దాకా. కారు టైరులో ఉండేది 2 బార్ల పైచిలుకే. పొరపాటున దాని ఒంటికి డ్రిల్ తగిలినా, వెల్డింగు వేడి తగిలినా చేతికొచ్చేది షాకబ్జరు కాదు.

టీ వచ్చింది. తాగేలోపు ఓ పాత ముచ్చట.

ఒక్క షాకబ్జరన్నది కొత్త ఆలోచనేం కాదు. ఇంగ్లండులో విన్సెంట్ బండ్లకు 1928 నుంచే సీటు కింద స్ప్రింగులు దాచి, వెనక త్రికోణపు ఆర్మ్‌తో నడిపించారు. తర్వాత లోకమంతా రెండు పక్కలా షాకబ్జర్లకు మళ్లింది. మన బుల్లెట్‌కి కూడా 1949 నుంచి వెనక ఊగే ఆర్మ్, రెండు షాకబ్జర్లు. 1970ల మొదట్లో బెల్జియంలో లూసియన్ టిల్‌కెన్స్ అనే ఇంజనీరు కొడుకు మోటోక్రాస్ బండి మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, ఒకే పొడవాటి షాకబ్జరును ట్యాంకు కిందికి వాల్చి పెట్టాడు. యమహా దాన్ని కొనుక్కుంది. 1973లో స్వీడన్ కుర్రాడు హకన్ ఆండర్సన్ ఆ పద్ధతితో ఉన్న యమహా మీద 250 సీసీ మోటోక్రాస్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ తర్వాత ఎవరూ వెనక్కి చూడలేదు. మన వీధుల్లో మామూలు బండికి ఇది అలవాటయింది 2004లో హోండా యూనికార్న్ వచ్చాకే. తండ్రి ఇంటి దగ్గర చేసిన పని కంపెనీ దాకా వెళ్లిందన్న మాట వినగానే తమ్ముడు గ్లాసు కింద పెట్టి నిటారుగా కూర్చున్నాడు. బాబాయ్ చూసీ చూడనట్టు, "ఆయన ఇంజనీరురా," అన్నాడు.

మళ్లీ షెడ్డు. ఇప్పుడు స్ప్రింగు తూకం. ఇది చాలామంది చెయ్యరు, చెయ్యాల్సిందల్లా ఇదే.

చక్రం దగ్గర ఒక్కో మిల్లీమీటరుకు కిలోన్నర బరువు ఆపాలని తమ్ముడు కాగితం మీద లెక్క వేసుకున్నాడు. అయితే స్ప్రింగు దగ్గర అది మూడింతలు కాదు, తొమ్మిదింతలు. ఎందుకంటే బరువు మూడింతలు పెరుగుతుంది, అదే సమయంలో స్ప్రింగు నలిగే దూరం మూడో వంతుకు తగ్గుతుంది. చక్రం మూడు మిల్లీమీటర్లు లేస్తే ఇక్కడ నలిగేది ఒక్కటే. మూడు మూళ్లు తొమ్మిది. అంటే మిల్లీమీటరుకు 13.5 కిలోలు ఆపే స్ప్రింగు కావాలి. దొరికింది ఎంతది? దాని మీద ఎక్కడా రాసి లేదు.

చానెల్ ఇనుముతో చేసిన చట్రం తెచ్చారు. అడుగున కిరాణా కొట్టు నుంచి అరువు తెచ్చిన కాటా. దాని మీద మందపాటి పలక, పలక మీద విడిగా తీసిన స్ప్రింగు, స్ప్రింగు నెత్తిన మరో పలక, ఆ పైన బాటిల్ జాకీ, చట్రం అడ్డకమ్మీకి ఆనించి. మీరు కొంచెం పక్కకు జరగండి, స్ప్రింగుకు ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. తమ్ముడు జాకీ కొట్టాడు. చుట్లు సర్దుకునేదాకా కొంచెం నలగనిచ్చి, అక్కడ కాటాను సున్నా చేశాడు. ఇక అసలు కొలత. స్టీలు స్కేలు మీద 5 మిల్లీమీటర్లు దిగేసరికి కాటా 64 చూపించింది. ఇంకో 5 దిగింది. 128. రెండుసార్లూ ఒకే పెరుగుదల, స్ప్రింగు ఆరోగ్యంగానే ఉంది. మిల్లీమీటరుకు 12.8. అనుకున్నదానికంటే పిసరు మెత్తన.

"కానిచ్చేద్దామా?" తమ్ముడి అడగడంలో బతిమాలడం ఉంది.

"బండి మీద పెట్టాక అదే చెబుద్ది."

అమర్చడం మొదలైంది. కొత్త ఆర్మ్ ఇరుసు గొట్టం ఆరెక్స్ ఫ్రేము చెవుల కంటే వెడల్పు, లేత్ మీద రెండు వైపులా సమంగా తగ్గించి తెచ్చారు, లోపల పసుపచ్చగా మెరుస్తున్న గన్‌మెటల్ బుష్. గ్రీజు పూసి బోల్టు దూర్చాక ఆర్మ్ తన బరువుకు తానే నెమ్మదిగా దిగింది. టక్కుమనలేదు. చక్రం, డ్రమ్ము ఆరెక్స్‌వే, పక్కలకు కొత్త స్పేసర్లు.

ఇప్పుడు మేస్త్రీల సరంజామా దిగింది. రసమట్టం, మూలమట్టం, తూకం గుండు. ఫ్రేము మెడ మధ్య నుంచి తోక దాకా నైలాను దారం లాగి కట్టారు. వెనక తూకం గుండు వేలాడుతోంది. ఆ గుండు మొన టైరు నడి గీత మీద నిలవాలి. వంగి చూడండి, ఎడమకు గోరుమందం తప్పింది. స్పేసరు ఒకటి తగ్గించి, రెండోది పెంచారు. గొలుసుపళ్ల చక్రాలు రెండూ ఒకే గీతలోకి వచ్చాయా అని పొడుగాటి స్కేలు ఆనించి చూశారు. ఇది తప్పితే గొలుసు తెగుతుంది, తెగిన గొలుసు ఇంజను కేసును పగలగొడుతుంది. పాత గొలుసు పొట్టిదయింది. ఒక్కో లింకు 12.7 మిల్లీమీటర్లు, ఆర్మ్ పెరిగిన 60కి పైనా కిందా కలిపి 120. పది లింకులు పెంచి, మిగిలిన కాస్తా యాక్సిల్ వెనక్కి లాగి సరిపెట్టారు.

షాకబ్జరు ఇంకా పెట్టలేదు. దాని బదులు, రెండు కొసలా రంధ్రాలున్న ఇనప పట్టీ తగిలించారు. దానికి చాలా రంధ్రాలు. షాకబ్జరు పూర్తిగా చాచుకున్నప్పటి పొడవులో ఒకసారి, పూర్తిగా నలిగిన పొడవులో ఒకసారి బోల్టు పెట్టి చూస్తారు. చక్రం ఆట 110 మిల్లీమీటర్లు కావాలి, అంటే షాకబ్జరు 37 నలగాలి. నలిగిన పొడవులో పెట్టినప్పుడు టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య మీ వేళ్లు దూర్చండి. రెండు వేళ్లు పట్టాయి. చాలు. టైరుకూ స్ప్రింగుకూ మధ్య 25 మిల్లీమీటర్లు. చాచుకున్న పొడవులో గొలుసు ఆర్మ్ ఇరుసు గొట్టం మీద రాసుకుంటోంది, అక్కడ నైలాను పట్టీ ఒకటి వేయాలి. గొలుసు వదులు కూడా ఇప్పుడే చూసుకోవాలి. ముందు పళ్ల చక్రం, ఆర్మ్ ఇరుసు, వెనక యాక్సిల్, మూడూ ఒక గీతలోకి వచ్చినప్పుడు గొలుసు అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. అక్కడ కాస్త వదులుంటే మిగతా చోట్ల బెంగలేదు. స్టాండు మీద చూసి బిగించినవాడు దిగగానే గొలుసు తెంచుకుంటాడు.

పై బోల్టు ఎంత ఎత్తులో పెట్టాలన్నది మరో తగువు. తమ్ముడికి వెనక లేచి ఉంటే అందం. బాబాయ్ వేళ్ల మీద లెక్క చెప్పాడు. ఇంత పొట్టి బండిలో వెనక 22 మిల్లీమీటర్లు లేస్తే ముందు ఫోర్కు వాలు ఒక డిగ్రీ తగ్గుతుంది. హ్యాండిలు చురుగ్గా తిరుగుతుంది, వేగంలో వణుకుతుంది కూడా. చివరికి పాత ఎత్తుకే ఖాయం చేశారు. అందం ఓడింది.

అసలు చిక్కు వేరేది. ఒంటి షాకబ్జరు నిలబడాల్సిన చోటే ఆరెక్స్ ఎయిర్ ఫిల్టరు పెట్టె, పక్కనే టూటీ ఆయిల్ ట్యాంకు ఉంటాయి. ట్యాంకును ఎడమకు జరిపి బిగించారు, గొట్టం మడత పడకుండా. ఆయిల్ పంపుకు నూనె ఆగిందంటే పిస్టన్ పట్టేస్తుంది. ఫిల్టరు పెట్టె మాత్రం వెళ్లిపోవాల్సిందే, దాని బదులు శంకు ఆకారపు ఫిల్టరు. గాలి పెరిగింది గనక పెట్రోలూ పెరగాలి, కార్బురేటరులో మెయిన్ జెట్ ఓ సైజు పెద్దది వేశారు. ప్లగ్గు రంగు చూసి తేల్చుకోవాలి. టూ స్ట్రోకుకు పెట్రోలు తక్కువైతే ఆకలి కాదు, జ్వరం వస్తుంది. వెనక షాకబ్జరు మార్చబోయి ముందు పిస్టను పోగొట్టుకోవడం ఇలాగే.

మధ్యాహ్నం దాటాక వెల్డింగు. ఈ ముసుగు పెట్టుకోండి, చెప్పేదాకా తీయకండి.

ట్యాంకు వెనక, సీటు పట్టీలు మొదలయ్యే చోట ఫ్రేముకు అడ్డంగా సీమ్‌లెస్ పైపు ముక్క. సీటు పట్టీల మధ్యలో ఎక్కడో పెడితే సుళువు, కానీ అవి ఇద్దరు మనుషుల కోసం చేసిన పట్టీలు, గతుకులో 900 కిలోల తన్ను కోసం కాదు. అందుకే అడ్డ పైపును ముందుకు, నడి గొట్టం కలిసే కూడలికి చేర్చి, రెండు వైపులా త్రికోణపు పలకలు వేస్తున్నారు. పలక మొన సూదిగా కాకుండా గుండ్రంగా కోశాడు బాబాయ్. సూదిగా ఆగిన చోటి నుంచే పగులు మొదలవుతుంది. పెయింటు గీకిన చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. 7018 రాడ్లు, ఎండలో ఆరబెట్టినవి కావు, ఓవెన్లో వేడి చేసి డబ్బాలో మూసి తెచ్చినవి. తేమ ఉన్న రాడ్డుతో వేసిన అతుకు చూడ్డానికి బాగుంటుంది, లోపల చిట్లుతుంది.

ముందు నాలుగు చోట్ల చుక్కలు. ఆగి, దారం లాగి, గుండు చూశారు. సరే. ఇక ఎడమ పక్క వేలెడంత, ఆగి, కుడి పక్క వేలెడంత. ఒకే వైపు గబగబా లాగితే చల్లారేటప్పుడు ఇనుము అటు గుంజుకుంటుంది, పొద్దుటి నుంచి చూసిన గుండు లెక్కంతా గంగలో కలుస్తుంది. ముసుగులోంచి ఆకుపచ్చ చీకట్లో ఒక్క చుక్క వెలుతురు, దాని వెనక కరిగిన ఇనుము నెలవంకలుగా ముడుచుకుంటూ వస్తోంది. చూస్తున్నారా, బాబాయ్ చెయ్యి కదలడం లేదు, మణికట్టు కదులుతోంది. ఆగాడు. ముసుగు తీయొచ్చు. సుత్తి మొనతో చిట్టెం కొట్టాడు. పెంకు ఒకటే ముక్కగా లేచొచ్చింది. కింద అతుకు సన్నటి అలలతో, అంచుల్లో ఎక్కడా కోత లేకుండా ఉంది. ఇలా చిట్టెం ఒకే దెబ్బకు ఊడొస్తే వేడి సరిపోయినట్టు. నీళ్లు పోయబోయిన తమ్ముడి చేతిలోంచి మగ్గు లాక్కున్నాడు. దానంతటది చల్లారాలి.

షాకబ్జరు కొస రెండు చెవుల నడుమ కూర్చుంది. బోల్టు రెండు వైపులా పట్టు దొరికేలా. ఒక్క వైపే పట్టుంటే బోల్టు వంగుతుంది. తల మీద 10.9 అని అచ్చు ఉందో లేదో చూసి మరీ వాడారు.

అంతా అయిపోయిందనుకుని తమ్ముడు ట్యాంకు తేవడానికి లేచాడు. బాబాయ్ వెనక డ్రమ్ము పలక పట్టుకుని తిప్పాడు. అది గిర్రున తిరిగింది.

"బ్రేకు తొక్కితే ఇది చక్రంతో పాటు తిరుగుద్ది. కడ్డీ ఏదిరా?"

డ్రమ్ము పలకను ఆర్మ్‌కు పట్టి ఉంచే టార్క్ కడ్డీ సంగతి అది. కొత్త ఆర్మ్ డిస్కు బ్రేకు బండిది, దానికి ఆ చెవే లేదు. అలాగే బయల్దేరితే మొదటిసారి బ్రేకు తొక్కగానే పలక తిరిగి, బ్రేకు కడ్డీని మెలేసి, చక్రాన్ని బిగదీసేది. మళ్లీ మిషన్ ఆన్ అయింది, ఆర్మ్ కింద చిన్న చెవి అతికారు, పాత కడ్డీ పొడవు సరిపోక కొత్తది కోశారు.

తర్వాతి ఆదివారం, తెల్లారగట్ల, కంకిపాడు వైపు. నల్లరేగడి బీడు నెర్రెలిచ్చి ఉంది, మీద మట్టిదిబ్బలు. ట్రాలీ ఆటో నుంచి బండి దించారు. ముందు కొలతలు. యాక్సిల్ నుంచి నిట్టనిలువుగా తోక మీద పెట్టిన పెన్సిలు గుర్తు దాకా. చక్రం గాల్లో వేలాడుతున్నప్పుడు ఒకటి, బండి తన కాళ్ల మీద నిలబడ్డప్పుడు ఒకటి, తమ్ముడు ఎక్కి కూర్చున్నప్పుడు ఒకటి. మీరు హ్యాండిలు పట్టుకోండి, వాడు రెండు కాళ్లూ పైకి పెట్టాలి. ఖాళీ బండి 6 మిల్లీమీటర్లు దిగింది. మనిషితో 41. ఉన్న 110 ఆటలో మూడో వంతు లోపు, 33కి దగ్గరగా ఉండాలి. స్ప్రింగు కింద వేయడానికని బాబాయ్ లేత్ మీద తిప్పి తెచ్చిన 3 మిల్లీమీటర్ల రింగు జేబులోంచి తీశాడు. వస్తుందని తెలిసే తెచ్చాడన్నమాట. అది వేశాక మళ్లీ కొలత. మనిషితో 32. తమ్ముడు ఈల వేశాడు.

"ఖాళీ బండి చూడు ముందు."

ఖాళీ బండి అస్సలు దిగలేదు. సున్నా.

సీటు నొక్కి వదిలితే ఒక్కసారి పైకి వచ్చి ఆగుతోంది, ఊగడం లేదు. డ్యాంపింగు బాగానే ఉంది. కడ్డీ మీద సన్న రబ్బరు రింగు కిందికంటా తోసి పెట్టి తమ్ముణ్ణి పంపారు. మొదటి దిబ్బ మెల్లగా, రెండోది కొంచెం ఊపుగా. చప్పుడు రేగి, నీలి పొగ వెనక్కి మళ్లింది. మూడో దిబ్బ మీద రెండు చక్రాలూ నేల వదిలాయి. దిగినప్పుడు టైరు మట్టిని కొరికింది, బండి కూర్చుంది, లేచింది, అంతే. పక్కకు విసరలేదు. పాత బండి అయితే ఇక్కడ వాణ్ణి ఒక చెంపదెబ్బ కొట్టి పంపేది.

వెనక్కి వచ్చాక కడ్డీ మీది రింగు చూడండి. ఇంకో మిల్లీమీటరుంటే అడుగంటేది. పెద్ద దిబ్బలు ఇంకా ఎక్కనే లేదు. మనిషి కూర్చుంటే సరిపోతున్నా ఖాళీ బండి దిగకపోవడం, చిన్న ఎగురుకే ఆటంతా అయిపోవడం, రెండూ ఒకటే చెబుతున్నాయి. స్ప్రింగు మెత్తన. మెత్తటి స్ప్రింగును రింగులతో ముందే నలిపి నిలబెట్టారు. కాగితం మీది కిలోన్నర రోడ్డుకు సరిపోయే లెక్క, దిబ్బలకు చాలదు. మిల్లీమీటరుకు 15, 16 కిలోలు ఆపేది కావాలి, అప్పుడు ఈ రింగు తీసేయొచ్చు.

బాబాయ్ మాత్రం స్ప్రింగు కేసి చూడటం లేదు. ట్యాంకు విప్పించి, పై అతుకు మీద కిరసనాయిలు పూసి, పొడిగా తుడిచి, సుద్దపొడి రాశాడు. పగులుంటే లోపల దాక్కున్న కిరసనాయిలు తెల్లటి సుద్ద మీద తడి గీతగా పైకొస్తుంది. వీధి ట్యూబులైటు కింద కాదు, ఎండలో చూడాలి. ఎండ బాగా ఎక్కేదాకా అందరం చూశాం. గీత రాలేదు.

"పెద్ద దిబ్బలెక్కిన ప్రతిసారీ ఇది చెయ్యి," అన్నాడు తమ్ముడితో, ఇన్నాళ్లూ చెవిలో దాచుకున్న బీడీకి అగ్గిపుల్ల గీస్తూ. "స్ప్రింగు దొరికేదాకా మూడో దిబ్బ దాటమాక. బుధవారం మావాడి షాపుకి రా, పాత కార్లవి కొన్ని ఉన్నాయి, కాటా కూడా పట్టుకురా."